నాలుగు నలుపులు

మా స్టూడియోకి ఇంకు ప్రింటరు వచ్చిన రోజు నుంచీ మా మావయ్యగారికీ దానికీ మాటల్లేవు.

అది రెండువేల నాలుగు. అమలాపురం బస్టాండు వెనక వీధిలో మాది రెండు గదుల దుకాణం. ముందు గదిలో నేనూ, కంప్యూటరూ, ప్రింటరూ. వెనక గది డార్కురూము, మావయ్యగారి రాజ్యం. ఆ చీకట్లో ఎర్రబల్బు కింద నలభై అయిదేళ్ళు ఫొటోలు కడిగిన మనిషి ఆయన. బోర్డు మీద వేరే పేరున్నా అందరూ ఆయన పేరుతో మంగరాజుగారి స్టూడియో అనే అంటారు. నలుపు తెలుపు ఫొటో కాగితం ఇక రాదని రాజమండ్రి నుంచి కబురొచ్చాక వెనక గది ఖాళీ అయింది, ఆయనా ఖాళీ అయ్యారు. మా ఆయన విజయకుమార్ వీడియో కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళ వెంట తిరుగుతారు కాబట్టి ఇద్దరి మధ్యా నలిగేదాన్ని నేను. ఇద్దరంటే మావయ్యగారూ, ప్రింటరూ.

రంగుల ఫొటోలు అది బాగానే తీసేది. నలుపు తెలుపు దగ్గరే దాని పరువు పోయేది. ట్యూబులైటు కింద చూస్తే ఆకుపచ్చ, గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూస్తే ఇటుకపొడి రంగు. ఎందుకో నాకు తెలుసు. అది బూడిదరంగుని నల్ల ఇంకుతో వెయ్యదు. నీలం, ఎరుపు, పసుపు ఇంకులు పక్కపక్కన చుక్కలు పెట్టి బూడిదరంగే అని మనల్ని మభ్యపెడుతుంది. వెలుతురు మారగానే దాని గుట్టు బయటపడుతుంది. పోనీ ఉత్త నల్ల ఇంకుతోనే వెయ్యమంటే మనిషి బుగ్గల నిండా నువ్వులు చల్లినట్టు చుక్కలు.

అలాంటి ప్రింటు ఒకటి బయటకి రాగానే మావయ్యగారు రెండు వేళ్ళతో అంచు పట్టుకుని చూసేవారు. "ఈయనకి పచ్చకామెర్లేమోనమ్మా తులసీ. ఓసారి డాక్టరుగారికి చూపించుకోమను" అనేవారు. ఫొటోలో ఉన్నాయన పోయి ఇరవై ఏళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. మండినా ఏం చేస్తాను, ఆ పచ్చరంగు నాకూ కనిపిస్తూనే ఉంది.

మరుసటి ఏడాది మాఘమాసంలో ఉప్పలగుప్తం నుంచి వీరవేణి అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళకి దగ్గర్లో ఉంటుంది. చామనఛాయ కాదు, నలుపే. వెడల్పాటి నుదురు, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉంటుంది. మాటకంటే ముందు నవ్వు వచ్చేస్తుంది. ప్లాస్టిక్ కవరు లోంచి ఒక ఫొటో తీసి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టింది.

"వచ్చే గురువారం కాక పై గురువారం గృహప్రవేశమండి. మా ఆయన మస్కట్ నుంచి సెలవు పెట్టుకొచ్చేరు. కొత్తింట్లో మా అమ్మ ఫొటో ఉండాలండి. ఉన్నదిదొక్కటేనండి. తొంభయ్యారు తుఫానుకి తడిసిపోయింది."

సగం మొహం పొక్కులు లేచి ఊడిపోయింది. మిగిలిన సగంలో ఒక కన్నూ, ముక్కూ, సున్నం వేసిన గోడలాంటి తెల్లటి చెంప. వెనక్కి తిప్పితే మావయ్యగారి స్టాంపూ, పెన్సిలుతో ఒక నంబరూ ఉన్నాయి.

"మీ అమ్మగారు మంచి తెలుపండీ" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

నవ్వు ఆగింది. "ఆయ్, అదేనండి వచ్చిన చిక్కు. నాకు పది నెలలప్పుడు పోయేరంటండి. కామాక్షి అమ్మ పేరు. మా మేనత్త చిట్టెమ్మగారు పెంచేరు నన్ను. గోడ మీద ఫొటో చూపించి 'మీ అమ్మ దొరసానమ్మే, నువ్వేమో ఇలాగ పుట్టేవు' అనేవారండి. తర్వాతొచ్చిన తోడికోడళ్ళదీ అదే పాట. మా ఆయన అయితే 'నిన్ను తవుడుకి కొనుంటారే' అంటారు. సరదాకేలెండి. నేనూ నవ్వేస్తాను."

కాసేపు ఫొటో వైపే చూసి గొంతు తగ్గించింది. "మీరు కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తారంట కదండీ. నా పోలిక ఎక్కడైనా ఉంటే, చిన్నదైనా సరే, చెప్పండి. ముక్కో, చెవో. ఇన్నేళ్ళ నుంచీ అద్దంలో వెతుక్కుంటున్నాను, కనపడలేదండి."

చూద్దామండి అన్నాను. చెవి అచ్చం ఒకలాగే ఉందని అబద్ధం చెప్పెయ్యాలని అప్పుడే మనసులో అనుకున్నాను. చెవుల్ని ఎవరు అంత పరీక్షగా చూస్తారు?

ఆవిడ వెళ్ళాక రెండు రోజులు కూర్చుని, బాగున్న సగాన్ని తిరగేసి ఊడిన సగానికి అతికించాను. మొహమైతే వచ్చింది, మనిషి రాలేదు. పిండితో చేసిన బొమ్మలా ఉంది. ప్రింటు తీస్తే ఆ బొమ్మకి కూడా పచ్చకామెర్లే. మావయ్యగారు వచ్చి, నా ప్రింటు వదిలేసి పాత ఫొటో వెనక నంబరు చూశారు.

"అరవయ్యయిదు నాటిది. నెగిటివ్ ఉంటుందమ్మా."

ప్రింటరు ఉన్న గదిలో ఆయన అన్న మొదటి పనికొచ్చే మాట అది.

వెనక గదిలో ఏడాదికొకటి చొప్పున రేకుపెట్టెలున్నాయి. ఆయన పావుగంటలో కవరు తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు. నా కంప్యూటర్లో మొన్నటి ఫైలు వెతకడానికి నాకు అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. అరచేతిలో సగం ఉంది నెగిటివ్. కిటికీ వైపు పెట్టి చూశాను. నెగిటివ్ కదా, చీర నల్లగా, జుట్టు తెల్లగా ఉన్నాయి. అయితే మొహం మీదా మెడ మీదా చేతుల మీదా పల్చగా ఎర్రటి పూత ఉంది. బూజేమోనని పైట చెంగుతో తుడవబోయాను.

"తుడవకమ్మా" అన్నారు గాభరాగా. "అది బూజు కాదు. నేనే పూసేను."

"ఎందుకండీ?"

"నెగిటివ్ మీద మొహం ఉన్నచోట ఎర్ర రంగు పూస్తే, అక్కడ వెలుతురు తక్కువ దిగుద్ది. కాగితం మీద మొహం తెల్లగా వస్తుంది. ఓ వన్నె తేల్చడం అనేవాళ్ళం. పెళ్ళికూతుళ్ళకి తప్పనిసరి. తేల్చకపోతే 'ఈ పిల్ల మా పిల్ల కాదండి' అని ఫొటో బల్ల మీద పడేసి పోయేవారు."

నాకు కోపం వచ్చింది. నా కోపం ముందు కబురు పెట్టి రాదు.

"అయితే మా పెళ్ళి ఫొటోలో నేను పాలమీగడలా ఉన్నది కూడా మీ చలవేనాండి?"

"నీది రంగుల ఫొటోనమ్మా. అది ల్యాబు వాళ్ళు చేసేరు" అని తప్పించుకోబోయారు.

నేను వదల్లేదు. వీరవేణి చెప్పిందంతా చెప్పాను. తోడికోడళ్ళ మాటలూ, తవుడూ, అద్దంలో వెతుక్కోవడమూ అన్నీ. "ముప్ఫై తొమ్మిదేళ్ళ నుంచీ ఆవిడ తన అమ్మకి తను ఏమీ కానేమో అనుకుంటోందండి. ఆ గోడ మీదున్న తెలుపు వాళ్ళమ్మది కాదు, మీ బ్రష్షుది" అన్నాను. అన్నాక కాస్త ఎక్కువైందేమో అనిపించింది కానీ అప్పటికే అనేశాను.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. నా చేతిలోంచి నెగిటివ్ తీసుకుని చూస్తూ, "ఈ పిల్లకి ఓ బిడ్డ పుడుతుందనీ, ఆ బిడ్డకి నేనిచ్చిన కాగితం తప్ప ఇంకేమీ మిగలదనీ నాకేం తెలుసమ్మా" అన్నారు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ ముసలాయన మీద జాలి వేసింది.

ఆ పూత నీళ్ళకి పోతుంది. పోవాలి, కానీ నలభై ఏళ్ళయింది కాబట్టి ఖాయంగా చెప్పలేనన్నారు. పూతతో పాటు కింద బొమ్మ ఉన్న పొర కూడా నాని ఊడిందంటే, కామాక్షి మొహం నీళ్ళలో కలిసిపోతుంది. అందుకని ముందే ఎదురింటి ఎముకల డాక్టరుగారి దగ్గర ఎక్స్‌రేలు చూసే లైటుపెట్టె అడిగి తెచ్చి, నెగిటివ్ దాని మీద పెట్టి డిజిటల్ కెమెరాతో ఒక ఫొటో తీసి దాచాను. తర్వాత మావయ్యగారు ఏడాదిగా పని ఆగిపోయిన వెనక గదిలోకి వెళ్ళి తట్ట కడిగి మంచినీళ్ళు పోశారు. నెగిటివ్ దించి, తట్టని ఇటూ అటూ మెల్లగా ఊపుతూ నిలబడ్డారు. పెళ్ళికూతురి పాదాల పారాణి కడిగినట్టు ఎరుపు నీళ్ళలోకి జారింది. పొర ఊడలేదు.

ఆరబెట్టి, మళ్ళీ ఫొటో తీసి, కంప్యూటర్లో నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా తిరగేశాను. తెర మీద నల్లటి పిల్ల కనబడింది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. వెడల్పాటి నుదురు. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది. ఫొటోగ్రాఫరు నవ్వొద్దని చెప్పినా నవ్వు పెదాల దగ్గరికి వచ్చేసి ఉంది. నేను చెవి గురించి చెప్పాలనుకున్న అబద్ధంతో ఇక పనిలేదు. వీరవేణే అక్కడ కూర్చుని ఉంది.

అంత సంబరంలో ప్రింటు తీశాను. తీసి తల పట్టుకున్నాను. తెల్లటి మొహాన్నే పచ్చ చేసే ప్రింటరు, నల్లటి మొహం చూసి పూర్తిగా చేతులెత్తేసింది. చెంప ఎక్కడ అయిందో, మెడ ఎక్కడ మొదలైందో తెలియదు. అంతా ఒకటే పాచి ముద్ద.

మావయ్యగారు ఈసారి పచ్చకామెర్ల మాట ఎత్తలేదు. తెర వైపూ కాగితం వైపూ మార్చి మార్చి చూశారు. "ఇందులో నలుపు ఒకటే ఉందమ్మా. ఈ పిల్ల మొహంలో నాలుగున్నాయి. జుట్టుదొకటి, మెడ నీడదొకటి, కంటి కింద ఒకటి, చెంప మీద వెలుతురు పడ్డచోట ఒకటి."

"మన దగ్గరున్నది ఒకటే సీసా కదండీ."

"పల్చన చేసుకోవచ్చు కదా, మజ్జిగలాగ" అన్నారు.

నేను ఆయన వైపు చూశాను. రెండేళ్ళ బట్టి కంప్యూటరు ముందు కూర్చుంటున్న దాన్ని, నాకు తట్టలేదు. ప్రింటరుకి నీలం, ఎరుపు, పసుపు డబ్బాలున్నాయి. వాటిలో రంగులు తీసేసి, నల్ల ఇంకునే మూడు రకాలుగా పల్చన చేసి మూడు బూడిదరంగులు పోస్తే? నీలం వేస్తున్నాననుకుని ముదురు బూడిద వేస్తుంది, పసుపు అనుకుని లేత బూడిద వేస్తుంది. ఇన్నాళ్ళూ అది మనల్ని మభ్యపెట్టింది, ఇప్పుడు మనం దాన్ని మభ్యపెడతాం.

గృహప్రవేశం ఇంకా ఆరు రోజులుంది. ఇంకు పల్చన చెయ్యడానికి బ్యాటరీల కొట్లో డిస్టిల్డ్ వాటరు, మందుల కొట్లో గ్లిజరినూ సిరంజిలూ కొన్నాను. ఇంట్లో ఎవరికి బాలేదండీ అని మందుల కొట్టావిడ కంగారుగా అడిగింది. ప్రింటరుకండి అంటే ఆవిడ ఇంకేమీ అడగలేదు.

మొదటి ప్రింటు వంకాయరంగులో వచ్చింది. చిక్కగా ఉన్నప్పుడు నల్లగానే కనిపించిన ఇంకు పల్చనయ్యేసరికి కడుపులో ఉన్న ఊదా బయటపెట్టింది. మావయ్యగారు పాత డ్రాపరు తెచ్చి, పసుపు ఇంకు రెండు చుక్కలు వెయ్యమన్నారు. రెండు వేస్తే ఊదా తగ్గింది, మూడు వేస్తే పచ్చ మొదలైంది. మళ్ళీ మొదటికొచ్చాం. ఆయన డార్కురూములో చేసినట్టే కాగితాన్ని పట్టీలుగా కత్తిరించి, ఒక్కో పట్టీ మీద తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు వేయించేవారు. వెనక పెన్సిలుతో చుక్కల లెక్క రాసేవారు. పట్టీ పట్టుకుని ట్యూబులైటు కింద నిలబడేవారు, అక్కణ్ణించి గుమ్మంలోకి, గుమ్మం నుంచి కిటికీ దగ్గరికి. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ నాలుగు రోజుల్లో పదేళ్ళు తగ్గాయి. ఇద్దరి వేళ్ళూ బొగ్గు మసి. మా ఆయన పెళ్ళి వీడియో నుంచి తిరిగొచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి, ఏమీ అడక్కుండా తనే అన్నం వండుకున్నారు.

పదకొండో పట్టీ దగ్గర ప్రింటరుకి ఇంకు అడ్డుపడింది. సగం గీతలు పడి, సగం తెల్లగా వదిలేసింది. నేను విసుగొచ్చి దాన్ని ఒక్కటి మొత్తబోయాను. మావయ్యగారు నా చెయ్యి ఆపి, గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి, జ్వరమొచ్చిన పిల్లకి ఒళ్ళు తుడిచినట్టు దాని నోరు తుడిచారు. "రావమ్మా, ఇంకొక్క గీత. మంచిపిల్లవి కదూ" అంటున్నారు. నాతో అనుకుని ఊఁ కొట్టాను. నాతో కాదు.

పదిహేడో పట్టీ కుదిరింది. మంగళవారం మధ్యాహ్నం పెద్ద ప్రింటు తీశాం. ట్యూబులైటు కింద నలుపు. గుమ్మంలో ఎండలో నలుపు. కిటికీ దగ్గరా అదే నలుపు. కంటి కింద నీడ వేరుగా, చెంప మీద వెలుతురు వేరుగా, మెడలో నల్లపూసలు కూడా ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేట్టు వచ్చాయి. మావయ్యగారు రెండు వేళ్ళతో అంచు పట్టుకుని చాలాసేపు చూశారు. సొరుగులోంచి తన స్టాంపు తీశారు. ప్యాడు ఎండిపోతే దాని మీద మా ఇంకే నాలుగు చుక్కలు వేసుకుని, ప్రింటు వెనక గట్టిగా అద్దారు.

బుధవారం పొద్దున్నే వీరవేణి వచ్చింది. పాత ఫొటోని బాగుచేసిన తెల్లటి ప్రింటూ, ఇదీ పక్కపక్కన పెట్టాం. నేను నోరు తెరిచేలోపే మావయ్యగారు లేచి నిలబడ్డారు.

"ఇది మీకు అలవాటైన ఫొటో అమ్మా. ఇది మీ అమ్మగారు. తెల్లగా చేసింది నేనే. అప్పట్లో అందరికీ అలాగే చేసేవాణ్ణి. తప్పయిపోయింది."

ఆవిడ ఫొటోలో ఒళ్ళో పెట్టుకున్న కామాక్షి చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించి చూసుకుంది. మొహం వెలిగింది. వెంటనే అనుమానం వచ్చి నా వైపు తిరిగింది.

"నేను ఆవేళ అలా అడిగేనని, నా మొహం చూసి కంప్యూటర్లో చెయ్యలేదు కదండీ?"

నాకు చివుక్కుమంది. కానీ తప్పు ఆవిడది కాదు. ఒకసారి ఫొటో అబద్ధం ఆడాక రెండో ఫొటోని ఎవరు నమ్ముతారు? నెగిటివ్ లైటుపెట్టె మీద పెట్టి చూపించాను. ఆవిడకది నలుపు తెలుపులు తారుమారైన బొమ్మ, ఏం అర్థమవుతుంది. మావయ్యగారు "కంప్యూటరు నాకసలు రాదమ్మా, నా మాట నమ్మండి" అన్నారు. ఆవిడ మర్యాదకి తల ఊపింది.

"మీరు చేసేరని కాదండి. మా ఇంట్లో అదే అంటారు. మా అమ్మని కళ్ళతో చూసినవాళ్ళల్లో మా చిట్టెమ్మత్త ఒక్కతే మిగిలింది. ముమ్మిడివరం నుంచి రేపు వస్తుంది. ఆవిడ ఒప్పుకుంటే చాలండి. మీరూ రండి." తెల్లటి ఫొటో అక్కడే వదిలేసి, నల్లటిది గుండెలకి ఆనించుకుని వెళ్ళింది. నమ్మకం లేకపోయినా అదే కావాలనుకుంది.

గురువారం మేమిద్దరం బస్సెక్కి ఉప్పలగుప్తం వెళ్ళాం. కొబ్బరితోట మధ్య కొత్త డాబా, సున్నం వాసన, పీటల మీద వీరవేణీ ఆవిడ భర్త అయ్యప్పా. హాల్లో గోడకి మా ఫొటో, దానికి బంతిపూల దండ. వచ్చినవాళ్ళు చూసి, ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని పోతున్నారు. ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏదైనా చేసేస్తారులే అని ఒకావిడ పైకే అంది. నాకు ఆవిడ మీద లేవాలనిపించింది. మావయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

పాలు పొంగించే వేళకి ఆటో దిగి చిట్టెమ్మగారు వచ్చింది. ఎనభై ఏళ్ళు, సీసా అడుగులంత మందం కళ్ళద్దాలు, చేతికర్ర. గుమ్మంలో పసుపు తొక్కకుండా లోపలికి వచ్చి, తలెత్తి గోడ వైపు చూసి ఆగిపోయింది. ఒక్క ఉదుటున ముందుకెళ్ళి ఫొటోకున్న దండ లాగి కింద పడేసింది.

"ఎవరే ఆ బుద్ధిలేనోళ్ళు? నిక్షేపంలాగ తిరుగుతున్న పిల్ల, దాని పెళ్ళినాటి ఫొటోకి దండేస్తారా? శుభమా అని ఇంట్లో దిగుతా ఇదేం పనే?"

ఇందాక కంప్యూటరు మాట అన్నావిడ ఒకసారి ఫొటోనీ, ఒకసారి వీరవేణినీ చూసింది. వంటగది గుమ్మంలో పాలగిన్నెతో వీరవేణి నిలబడి ఉంది.

"అత్తా, అది నేను కాదు. మా అమ్మ."

చిట్టెమ్మగారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఫొటోకి జానెడు దూరంలో నిలబడి చూసింది. వేలితో ఆ కనుబొమ్మ మీద తడిమింది.

"కామాక్షే" అంది. "ఇలాగే ఉండేదే మా కామాక్షి. ఆ తెల్ల ఫొటో చూసీ చూసీ నాకూ తెల్లగానే గుర్తుండిపోయింది. నీకూ అదే చెప్పేను, పాపిష్టిదాన్ని. ఎవడు తీసేడో గానీ ఆ దిక్కుమాలిన ఫొటో."

"ఆయ్, నేనేనండి" అన్నారు మా మావయ్యగారు, కూర్చున్న చోటు నుంచి లేచి.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, దండ ఏరి వీరవేణి చేతికిచ్చింది. అయ్యప్ప భార్య చేతిలోంచి పాలగిన్నె అందుకుని పక్కన నిలబడ్డాడు. వీరవేణి దండ మళ్ళీ వేసింది. వేస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

ఆ రోజు ఇంటికి వచ్చిన ప్రతి మనిషినీ గుమ్మంలోనే ఆపి, "నాది మా అమ్మ పోలికండి" అని చెప్పింది. మాకు భోజనాలు వడ్డిస్తూ కూడా, మాకు తెలియనట్టు, మళ్ళీ చెప్పింది.